పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ: పరిశోధన చేతికి అందే చోటు

వెబ్ అప్లికేషన్ల భద్రత నేర్పుతామనే కోర్సులకు ఇప్పుడు కొదవ లేదు. అమీర్‌పేటలో వేలకు వేలు ఫీజు తీసుకునే శిక్షణ కేంద్రాల నుంచి ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యే వీడియోల దాకా, ఎథికల్ హ్యాకింగ్ పేరు పెట్టుకున్నవి ఎన్నో కనిపిస్తాయి. వాటిలో చాలా భాగం పదేళ్ల కిందటి లోపాల పేర్లు వల్లె వేయించి, రెండు మూడు టూళ్లు చూపించి, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేవే. వాటన్నిటి పక్కన, పైసా తీసుకోకుండా నడుస్తున్న పోర్ట్‌స్విగ్గర్ వారి వెబ్ సెక్యూరిటీ అకాడమీని ఉంచి చూస్తే, నేర్పడం అంటే ఎలా ఉండాలో స్పష్టంగా తెలుస్తుంది. ఈ రంగంలో ఉద్యోగం చేస్తూ, కొత్తగా చేరినవారికి తొలి పాఠాలు చెప్పే పని కూడా చూసుకునే మనిషిగా, ఈ సేవ గురించి నా అంచనాను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పోర్ట్‌స్విగ్గర్ ఇంగ్లండ్‌లోని చెషైర్ ప్రాంతంలో ఉన్న నట్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణపు సంస్థ. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య నిలబడి, అటూ ఇటూ వెళ్లే ప్రతి రిక్వెస్టునూ ఆపి చూపించే బర్ప్ సూట్ అనే ప్రాక్సీ టూల్ వారిదే. దాన్ని తయారుచేసిన డాఫిడ్ స్టట్టర్డ్ సహరచయితగా వెబ్ భద్రత మీద 2007లో ఒక పెద్ద పుస్తకం వచ్చింది, 2011లో దాని రెండో కూర్పు వెలువడింది. మూడో కూర్పు మాత్రం రాలేదు. అచ్చు పుస్తకం బయటికి వచ్చేలోగానే ఈ రంగంలో విషయాలు పాతబడిపోతున్నాయి కాబట్టి, దాని స్థానంలో 2019లో ఈ అకాడమీని ప్రారంభించారు. ఖాతా తెరవడానికి ఈమెయిల్ చాలు, కార్డు వివరాలు అడగరు. చదవడానికి పాఠాలు ఉంటాయి, ప్రతి పాఠానికీ జతగా ల్యాబులు ఉంటాయి. ల్యాబ్ అంటే కావాలనే ఒక లోపం పెట్టి కట్టిన చిన్న వెబ్‌సైట్. బటన్ నొక్కగానే మన ఒక్కరి కోసమే ఒక ప్రతి తయారవుతుంది. దాన్ని మనం ఎంత చెడగొట్టినా మరొకరికి నష్టం ఉండదు. కొంతసేపు ముట్టుకోకపోతే అదే మూతపడిపోతుంది, మళ్లీ తెరిస్తే కొత్తది వస్తుంది.

ఈ ల్యాబుల తీరు తెలియాలంటే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నలోకి మన అక్షరాలను చొప్పించి దాని అర్థం మార్చే లోపం, మీద ఉన్న మొట్టమొదటి దాన్ని చూడాలి. అది ఒక దుకాణం వెబ్‌సైట్. పైన గిఫ్ట్స్ వంటి విభాగాల పేర్లు ఉంటాయి. ఒకదాన్ని నొక్కితే ఆ విభాగంలోని వస్తువులు మాత్రమే కనిపిస్తాయి, విభాగం పేరు పైన అడ్రస్ గడిలో కూడా కనిపిస్తుంది. వెనక డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నను ల్యాబ్ పేజీలోనే మనకు ముందుగా చూపిస్తారు: విభాగం గిఫ్ట్స్ అయి ఉండాలి, ఇంకా విడుదల అనే గడిలో 1 అని ఉండాలి, అలాంటి వస్తువులన్నీ ఇవ్వు అని దాని అర్థం. ఇప్పుడు అడ్రస్ గడిలో విభాగం పేరు తర్వాత ఒక ఒంటి కొటేషన్ గుర్తు పెట్టి, ఆర్ (లేదా) 1=1 అని రాసి, చివర రెండు అడ్డగీతలు గీస్తే ఏమవుతుంది? కొటేషన్ గుర్తు విభాగం పేరును అక్కడితో ముగిస్తుంది. 1=1 ఎప్పుడూ నిజమే కాబట్టి ప్రతి వస్తువూ అర్హత పొందుతుంది. రెండు గీతల తర్వాత ఉన్నదంతా డేటాబేస్ పట్టించుకోని వ్యాఖ్య కింద జమ అయిపోయి, విడుదల అయి ఉండాలన్న షరతు మాయమవుతుంది. పేజీ మళ్లీ తెరుచుకున్నప్పుడు, ఇంకా అమ్మకానికి పెట్టని వస్తువులు కూడా బయటపడతాయి. నిర్వచనం ఎన్నిసార్లు చదివినా రాని అవగాహన ఆ ఒక్క క్షణంలో వస్తుంది. వాడుకరి ఇచ్చిన అక్షరాలను ప్రశ్నలో నేరుగా అతికించకూడదని, విలువలను వేరుగా పంపే పద్ధతి వాడాలని ఆ తర్వాత చెబితే, విన్నవారు ఇక మరిచిపోరు.

ఇదే ఒరవడిలో ఉన్న మరొక ల్యాబ్ గురించి కూడా చెప్పాలి. మన ఖాతాలో 100 డాలర్లు ఉంటాయి, కొనవలసిన తోలు జాకెట్ ధర 1,337 డాలర్లు. జాకెట్‌ను కొనుగోలు కార్ట్‌లో వేసినప్పుడు బ్రౌజర్ పంపే రిక్వెస్టును బర్ప్‌లో తెరిచి చూస్తే, అందులో ధర కూడా ఒక విలువగా వెళుతున్నట్టు తెలుస్తుంది. ఆ అంకెను చిన్నది చేసి పంపితే సర్వర్ మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. ధర ఎంతో సర్వర్‌కు ముందే తెలిసినప్పుడు దాన్ని కొనేవాడి బ్రౌజర్‌ను అడగడమే ఇక్కడి తప్పు. ఇంకొక ల్యాబులో సహాయ కేంద్రంతో చాట్ చేసి, ఆ సంభాషణ ప్రతిని దింపుకుంటే 2 అనే పేరుతో ఒక ఫైలు వస్తుంది. ఆ 2 ను 1 గా మార్చి అడిగితే, వేరే ఎవరో తన పాస్‌వర్డ్ సరైనదేనా అని అడుగుతూ దాన్ని పూర్తిగా రాసేసిన సంభాషణ మన తెర మీదికి వస్తుంది. ఈ రెండు లోపాలకూ గొప్ప టూళ్లు అక్కర్లేదు, ప్రోగ్రామింగ్‌లో పాండిత్యం కూడా అక్కర్లేదు. చూసే కన్ను ఉంటే చాలు. ఆన్‌లైన్ దుకాణాలు, ఫీజు చెల్లింపు పేజీలు, రసీదుల లింకులు కట్టే ప్రతి డెవలపర్ చేతా ఈ రెండింటినీ ఒకసారి చేయించాలని నా గట్టి అభిప్రాయం.

ఇంతవరకూ చెప్పినవి తొలి మెట్టు పాఠాలు. ఈ అకాడమీని మిగతా వాటి నుంచి వేరు చేసేది, నా దృష్టిలో, దాని పరిశోధన విభాగంతో దానికున్న సంబంధం. పోర్ట్‌స్విగ్గర్‌లో జేమ్స్ కెటిల్ నాయకత్వంలో ఒక చిన్న పరిశోధక బృందం ఉంది. వారు కనిపెట్టినది ముందుగా అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగే బ్లాక్ హ్యాట్, డెఫ్ కాన్ వంటి సదస్సుల్లో ప్రసంగంగా వస్తుంది. దాదాపు అదే సమయానికి పూర్తి వ్యాసం ఉచితంగా ప్రచురిస్తారు, ఆ పని చేసిపెట్టే టూల్‌ను కోడ్‌తో సహా విడుదల చేస్తారు, ఆ లోపాన్ని అచ్చంగా అలాగే పెట్టిన ల్యాబులను అకాడమీలో తెరుస్తారు. ప్రసంగం విని ఆశ్చర్యపోయి వదిలేయడానికీ, తెల్లవారి కూర్చుని అదే పని స్వయంగా చేసి చూడడానికీ మధ్య ఉన్న దూరాన్ని వీరు ఇలా చెరిపేశారు.

రిక్వెస్ట్ స్మగ్లింగ్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ లోపాన్ని మొదట 2005లో అమిత్ క్లైన్ తదితరులు ఒక పత్రంలో వివరించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కెటిల్ 2019లో దాన్ని తిరిగి తీసి, పెద్ద పెద్ద వెబ్‌సైట్లలో అది ఇంకా బతికే ఉందని చూపించాడు. విషయం సూక్ష్మంగా ఇది. నేటి వెబ్‌సైట్లలో చాలా వాటికి ముందు ఒక సర్వర్, వెనక ఇంకొక సర్వర్ ఉంటాయి. మన రిక్వెస్టులు, మనలాంటి ఎందరివో రిక్వెస్టులు, ఆ రెండింటి మధ్య ఒకే కనెక్షన్ మీద వరుసగా వెళుతుంటాయి. ఒక రిక్వెస్ట్ ఎక్కడ ముగిసిందో చెప్పడానికి, బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే నియమావళి అయిన హెచ్‌టీటీపీ 1.1 కూర్పులో రెండు పద్ధతులున్నాయి. కంటెంట్ లెంత్ అనే హెడర్ (రిక్వెస్ట్ మొదట్లో ఉండే వివరాల వరుస) లోపలి విషయం మొత్తం ఎన్ని బైట్లో చెబుతుంది. ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్ అనే హెడర్ ఉంటే ముక్కలు ముక్కలుగా వచ్చే విషయం సున్నా పరిమాణమున్న ముక్కతో ముగుస్తుంది. రెండు హెడర్లూ ఒకే రిక్వెస్టులో పెట్టినప్పుడు ముందున్న సర్వర్ మొదటిదాన్ని, వెనకున్నది రెండోదాన్ని నమ్మితే, రిక్వెస్ట్ ముగింపు ఎక్కడన్నది ఇద్దరికీ చెరొక చోట తేలుతుంది.

అకాడమీలోని తొలి స్మగ్లింగ్ ల్యాబ్ దీన్ని ఆరే ఆరు బైట్లతో చూపిస్తుంది. రెండు హెడర్లూ పెట్టి, కంటెంట్ లెంత్ 6 అని రాస్తాం. లోపల ఒక సున్నా, రెండు వరుస విరుపులు, చివర ఒక్క జీ అక్షరం పెడతాం. విరుపు ఒక్కొక్కటి రెండు బైట్లు కాబట్టి లెక్క సరిగ్గా ఆరుకు వస్తుంది, ముందున్న సర్వర్ మొత్తాన్ని ఒకటే రిక్వెస్ట్ అనుకుని వెనక్కి పంపుతుంది. వెనకున్న సర్వర్ మాత్రం సున్నా కనబడగానే రిక్వెస్ట్ అయిపోయిందని నిశ్చయించుకుని, మిగిలిన జీ అక్షరాన్ని తర్వాత రాబోయే రిక్వెస్టుకు ఆరంభంగా దాచుకుంటుంది. అదే రిక్వెస్టును రెండోసారి పంపితే, రిక్వెస్ట్ ఏ పద్ధతిదో చెబుతూ దాని మొదట్లో ఉండే పోస్ట్ అనే పదానికి ముందు ఆ జీ వచ్చి అతుక్కుని, జీపోస్ట్ అనే పద్ధతి నాకు తెలియదని సర్వర్ జవాబిస్తుంది. ల్యాబులో ఆ రెండో రిక్వెస్ట్ మనదే. నిజమైన వెబ్‌సైట్‌లో అది ముక్కూ మొహం తెలియని మరొకరిది కావచ్చు, వారి లాగిన్ వివరాలు కూడా అందులో ఉండవచ్చు. ఆ జవాబును తెర మీద స్వయంగా చూసినవారికి ఈ లోపం తీవ్రత గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

ఈ పరిశోధన అక్కడితో ఆగలేదు. 2021లో హెచ్‌టీటీపీ 2 మీద, 2022లో బాధితుడి బ్రౌజర్ నుంచే జరిపించగల దాడుల మీద, 2025లో అసలు హెచ్‌టీటీపీ 1.1 నే వదిలించుకోవాలన్న వాదనతో, వరుసగా కొత్త పత్రాలు వచ్చాయి. ఆ కొత్త విషయాలకు తగ్గ ల్యాబులు కూడా అకాడమీలో చేరుతూ వచ్చాయి. 2023లో రేస్ కండిషన్ల మీద, అంటే ఒకే క్షణంలో వచ్చిన రిక్వెస్టుల మధ్య సర్వర్ తడబడే లోపాల మీద, వచ్చిన పని నాకు ప్రత్యేకంగా నచ్చింది. ఒకసారి మాత్రమే వాడాల్సిన డిస్కౌంట్ కూపన్‌ను ఒకే క్షణంలో ఇరవై సార్లు పంపితే, వాడేశారని సర్వర్ రాసుకునేలోగా అది పలుమార్లు చెల్లిపోవచ్చు. అయితే నెట్‌వర్క్‌లో ఒక్కొక్క రిక్వెస్ట్ ఒక్కొక్క వేగంతో వెళ్లడం వల్ల వాటిని ఒకేసారి చేర్చడం కష్టంగా ఉండేది. హెచ్‌టీటీపీ 2 సాయంతో ఇరవై ముప్పై రిక్వెస్టులను ఒకే ప్యాకెట్‌లో పూర్తిచేసే ఉపాయం కెటిల్ కనిపెట్టాడు. మెల్‌బోర్న్ నుంచి డబ్లిన్‌కు, 17,000 కిలోమీటర్ల దూరం పంపిన పరీక్షలో, ఇరవై రిక్వెస్టులు చేరుకోవడంలోని తేడా సుమారు ఒక మిల్లీసెకనుకు తగ్గిందని ఆ వ్యాసంలో కొలతలతో సహా ఇచ్చాడు. వాలెట్ డబ్బు, కూపన్లు, రిఫరల్ బోనస్‌లు లేని యాప్ మన దగ్గర అరుదు కనుక, వాటిని కట్టేవారు ఈ ల్యాబును తప్పించుకోకూడదు.

పరిశోధన పంచుకోవడంలో వీరు తమ ఇంటి పనికే పరిమితం కాలేదన్నది కూడా గుర్తించవలసిన విషయం. ఏటా ఆ సంవత్సరపు పది ఉత్తమ వెబ్ హ్యాకింగ్ పద్ధతుల జాబితా వెలువడుతుంది. ఈ ఆనవాయితీని 2006లో జెరెమయా గ్రాస్‌మన్ మొదలుపెట్టగా, 2017 సంవత్సరపు జాబితా నుంచి పోర్ట్‌స్విగ్గర్ చేపట్టింది. ఎవరైనా ప్రతిపాదించవచ్చు, అందరూ ఓటు వేస్తారు, తుది వరుసను నిపుణుల బృందం నిర్ణయిస్తుంది. 2021లో మొదటి స్థానం అలెక్స్ బిర్సాన్‌కు దక్కింది. కంపెనీలు లోపల వాడుకునే కోడ్ ప్యాకేజీల పేర్లతోనే బహిరంగ భాండాగారంలో ప్యాకేజీలు పెడితే, వారి వ్యవస్థలు బయటివాటినే తెచ్చుకుని నడుపుతాయని అతడు చూపించాడు. 2024 జాబితాలో మొదటిది తైవాన్ పరిశోధకుడు ఆరెంజ్ ట్సాయ్ అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద చేసిన పని. ప్రతిపాదనల పూర్తి జాబితాను కూడా అందరికీ కనబడేలా ఉంచుతారు. ఏడాదిలో ఈ రంగంలో చదవదగ్గది ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి దారి కనబడలేదు. పోర్ట్‌స్విగ్గర్ పరిశోధకుడు గారెత్ హేయెస్ నిర్వహిస్తున్న క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ (ఇతరుల బ్రౌజర్‌లో మన స్క్రిప్టు నడిచేలా చేసే లోపం) పట్టిక గురించి ఒక్క మాట చాలు. ఏ బ్రౌజర్‌లో, ఏ ట్యాగ్‌తో, ఏది పనిచేస్తుందో అందులో వడపోసి చూసుకోవచ్చు, రోజువారీ పనిలో అది నాకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

మన దేశంలో నేర్చుకునేవారికి ఈ ల్యాబుల విలువ మరొక కారణం చేత పెరుగుతుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా ఒక కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించినా, అందులోని డేటా తీసుకున్నా నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చు. అదే పని దురుద్దేశంతో గానీ మోసపూరితంగా గానీ చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉత్సాహం కొద్దీ తమ కాలేజీ ఫలితాల వెబ్‌సైట్ మీదనో, ఊళ్లోని ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పేజీ మీదనో కొటేషన్ గుర్తు పెట్టి చూసే విద్యార్థులను నేను చూస్తూనే ఉన్నాను. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆ మంచితనాన్ని తర్వాత రుజువు చేసుకోవలసిన స్థితి ఎవరికీ రాకూడదు. ఏం చేసినా చట్టపరమైన చిక్కు లేని చోటు ఒకటి ఉచితంగా దొరుకుతున్నప్పుడు, చేతులు అక్కడే అలవాటు చేసుకోవాలి. నిజమైన సైట్‌లో లోపం కంటపడితే, ఆ సంస్థ బగ్ బౌంటీ (లోపాలు తెలియజేసినవారికి బహుమతి ఇచ్చే ఏర్పాటు) నియమాలు ఏమైనా ప్రకటించిందేమో ముందు చూసుకోవాలి, లేకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ కు తెలియజేయాలి. అకాడమీ ఇంగ్లండ్ సంస్థది కాబట్టి, ఈ చట్టం సంగతి నేర్పేవారే విడిగా చెప్పవలసి ఉంటుంది.

ఇక లోటుపాట్లు. మొదటిది డబ్బుతో ముడిపడింది. అకాడమీ ఉచితమే అయినా, కొన్ని ల్యాబులు పూర్తి కావాలంటే బర్ప్ కొలాబరేటర్ అనే బయటి సర్వర్ అవసరం. అది బర్ప్ సూట్‌లో డబ్బు కట్టి తీసుకునే ప్రొఫెషనల్ కూర్పులోనే ఉంటుంది. ల్యాబుల నుంచి ఇతరుల మీద దాడి జరగకుండా ఫైర్‌వాల్ పెట్టారు కాబట్టి, మన సొంత సర్వర్ వాడుకునే వీలు కూడా లేదు. ఆ జాగ్రత్త అవసరమేనని ఒప్పుకుంటాను. కానీ ప్రొఫెషనల్ కూర్పు ఏడాది చందా నాలుగు వందల డాలర్లు దాటింది, అంటే మన లెక్కలో ముప్పై వేల రూపాయలకు పైమాటే. బీటెక్ విద్యార్థి భరించే మొత్తం కాదది. ఆ కాసిని ల్యాబుల వరకైనా, నేర్చుకునేవారికి అకాడమీలోనే పరిమితమైన కొలాబరేటర్ ఇస్తే బాగుండేది. ఉచిత కూర్పులో, ఒకే రిక్వెస్టును విలువలు మారుస్తూ పదేపదే పంపే ఇంట్రూడర్ అనే భాగం వేగాన్ని బాగా తగ్గించి ఉంచడం మరొక ఇబ్బంది. పాస్‌వర్డుల జాబితా ప్రయత్నించే ల్యాబులు దానితో ఎంతకీ తెమలవు. దీనికి మాత్రం దారి ఉంది: వారే ఉచితంగా ఇచ్చే టర్బో ఇంట్రూడర్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే పని త్వరగా అవుతుంది.

రెండో లోటు నాకు ఇంకా ముఖ్యమైనదిగా తోస్తుంది. లోపాన్ని ఎలా పట్టుకోవాలో అద్భుతంగా చెప్పే ఈ పాఠాలు, కోడ్‌లో దాన్ని ఎలా సరిచేయాలో చెప్పే దగ్గర తొందరపడతాయి. ప్రతి అంశం చివరా నివారణ గురించి కొన్ని పేరాలు ఉంటాయి, అవి సరైనవే. అయినా జావాలోనో పైథాన్‌లోనో తప్పు కోడ్ ఇచ్చి, దాన్ని మీరే బాగుచేయండి అనే ల్యాబులు ఉండవు. డెవలపర్లతో ఈ అకాడమీ చేయించేవారు పక్కన వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ వారి చీట్ షీట్లు (క్లుప్త సూచనల పత్రాలు) కూడా చదివించాలి. మూడోది, పరిష్కారం ప్రతి ల్యాబ్ కిందే ఒక్క క్లిక్ దూరంలో ఉండడం. తొందరపడేవారు రిక్వెస్టును అక్కడి నుంచి తెచ్చి అతికించి, పూర్తయిందన్న గుర్తు చూసి ముందుకు వెళ్లిపోతారు. దీనికి విరుగుడుగా మిస్టరీ ల్యాబ్ అనే ఏర్పాటు ఉంది. అందులో ఏ లోపం ఉందో చెప్పకుండానే ఒక సైట్ ఇస్తారు. లోపం పేరు ముందే తెలిసి వెతకడానికీ, ఏమీ తెలియకుండా వెతకడానికీ ఎంత తేడా ఉందో అక్కడ బయటపడుతుంది. నిజమైన పని ఎప్పుడూ రెండో రకానిదే.

పాఠాలు తెలుగులో లేవు. ఇంగ్లిష్ సూటిగా, చిన్న వాక్యాల్లో ఉంటుంది గనుక తొలి అంశాలు ఎలాగో గట్టెక్కవచ్చు. కానీ స్మగ్లింగ్, క్యాష్ పాయిజనింగ్ వంటి కష్టమైన అంశాల దగ్గరికి వచ్చేసరికి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు విషయం వల్ల కాక భాష వల్ల ఆగిపోతారు. హైదరాబాద్‌లో నల్ అనే భద్రతా ఔత్సాహికుల బృందం సమావేశాలు, ఓవాస్ప్ శాఖ సమావేశాలు ఉన్నాయి. అలాంటి చోట్ల అనుభవజ్ఞులు ఒక్కొక్క ల్యాబును తెలుగులో నోటితో వివరిస్తూ చేసి చూపిస్తే, ఈ లోటు చాలా వరకు తీరుతుంది.

సర్టిఫికెట్ గురించి అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. బర్ప్ సూట్ సర్టిఫైడ్ ప్రాక్టిషనర్ పరీక్ష రుసుము 99 డాలర్లు, వ్యవధి నాలుగు గంటలు. రెండు అప్లికేషన్లు ఇస్తారు. ఒక్కొక్క దానిలో ముందు మామూలు వాడుకరి ఖాతాలోకి, తర్వాత అడ్మిన్ ఖాతాలోకి చేరి, చివరికి సర్వర్‌లోని ఒక ఫైలు చదవాలి. అయిదేళ్లు చెల్లుబాటు అవుతుంది. బట్టీ పట్టి రాయగలిగే పరీక్ష కాదు కాబట్టి, ఇది ఉన్న అభ్యర్థిని ఇంటర్వ్యూలో నేను గౌరవంగానే చూస్తాను. కానీ దీనికీ ప్రొఫెషనల్ చందా ఉండాలి. అంత ఖర్చు ఆఫీసు భరిస్తే రాయండి, సొంత డబ్బు పెట్టి మాత్రం తొందరపడవద్దు. ల్యాబుల్లో మీరు చేసిన పనిని, ఎక్కడ ఆగారో, ఏ ఆధారంతో ముందుకు కదిలారో సొంత మాటల్లో రాసి పెట్టుకుంటే, ఉద్యోగం ఇచ్చేవారికి అది కూడా తక్కువేమీ కాదు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, యాక్సెస్ కంట్రోల్ (పైన చెప్పిన చాట్ ఫైలు లాంటివి), బిజినెస్ లాజిక్ (జాకెట్ ధర లాంటివి) అనే మూడు అంశాల్లోని అప్రెంటిస్ అనే తొలి స్థాయి ల్యాబులు ముందు చేయాలి. ఆ తర్వాత అన్ని అంశాల్లోనూ ప్రాక్టిషనర్ స్థాయికి వెళ్లాలి. ఎక్స్‌పర్ట్ స్థాయిని అప్పుడే ముట్టుకోనక్కర్లేదు. స్మగ్లింగ్ ల్యాబులకు వచ్చినప్పుడు, రిక్వెస్టును మార్చి మళ్లీ పంపే బర్ప్ రిపీటర్‌లో ప్రోటోకాల్‌ను హెచ్‌టీటీపీ 1 కు మార్చుకోవడం మరవకండి. ల్యాబ్ పేజీలో ఆ సూచన ఉన్నా చాలామంది చదవకుండా దాటేసి, జవాబు ఎందుకు రావడం లేదో తెలియక గంటల తరబడి కూర్చుంటారు.